ప్రతిధ్వని చెప్పిన లోతు

సముద్రపు లోతును తెలిసికొనుటకు నావికులు చిరకాలము నమ్మిన సాధనము త్రాడు. చివర సీసపు గుండు కట్టి నీటిలోనికి విడిచి, అడుగు తగిలినదని తోచగానే త్రాటి పొడవును కొలుచుచుండిరి. తీరమున ఇది చాలును. నడిసముద్రమున మాత్రము ప్రవాహములు త్రాటిని ప్రక్కకు లాగును. గుండు అడుగు తాకినదో లేదో చేతికి తెలియదు. 1872 నుండి 1876 వరకు లోకము చుట్టివచ్చిన బ్రిటిషు నౌక ‘ఛాలెంజర్’ అగాధజలములలో లోతు కొలిచినది సుమారు 500 చోట్ల మాత్రమే. ఒక్కొక్క కొలతకు గంటలు పట్టెడివి.

మరియొక మార్గము అంతకు పూర్వమే కనిపించియుండెను. 1826లో కొలాడాన్, స్టర్మ్ అను శాస్త్రజ్ఞులు జెనీవా సరస్సులో, ఒక పడవనుండి నీటిలోనికి వ్రేలాడదీసిన గంటను మ్రోగించిన క్షణముననే పైన తుపాకిమందు వెలుగునట్లు ఏర్పరచిరి. 13 కిలోమీటర్లకు పైబడిన దూరమున కొలాడాన్ నీట ముంచిన గొట్టమునకు చెవియొగ్గి కూర్చుండెను. వెలుగు కనిపించినది మొదలు గంట వినిపించువరకు పట్టిన కాలమునుబట్టి, నీటిలో ధ్వని సెకనునకు 1,435 మీటర్లు పోవునని తేలెను. గాలిలోకంటె ఇది నాలుగు రెట్లకు మించిన వేగము. ఇక ధ్వనిని అడుగునకు పంపి, ప్రతిధ్వని తిరిగివచ్చుటకు పట్టిన కాలములో సగమును ఆ వేగముచే గుణించినచో లోతు తెలియును. చెప్పుటకు ఇంతే, నమ్మదగిన యంత్రము దొరకుటకు ఎనుబది యేండ్లకు పైగా పట్టెను.

అదియు ఒక విపత్తు మూలముననే. 1912లో ‘టైటానిక్’ మంచుకొండను ఢీకొని మునుగగా సుమారు 1,500 మంది మరణించిరి. మంచుకొండల ఉనికిని ధ్వనితో ముందే పసిగట్టవలెనని జర్మనీలో అలెగ్జాండర్ బేమ్ పూనుకొనెను. మంచు ఆయనకు సరిగా బదులు పలుకలేదు, సముద్రపుటడుగు పలికెను. 1914లో రెజినాల్డ్ ఫెస్సెండెన్ ‘మయామీ’ అను అమెరికను నౌకనుండి పంపిన ధ్వనికి రెండును బదులిచ్చెను. మానవుని పలుకును 1900లోనే రేడియో తరంగములపై పంపిన ఫెస్సెండెన్ ఈయనయే యని శ్రోతలు గమనింపవలెను.

1925–27లో జర్మను నౌక ‘మిటియోర్’ దక్షిణ అట్లాంటిక్‌లో 67,000కు పైగా కొలతలు తీసెను. ఛాలెంజర్ కొలతలు దీని ముందు ఎంత!

1952 ప్రాంతమున మేరీ థార్ప్ అను అమెరికను వనిత ఇట్టి కొలతలను కాగితముపై వరుసగా గీయుచు, అట్లాంటిక్ నడుమ నున్న పర్వతశ్రేణి శిఖరభాగమున పొడవుగా ఒక లోయ చీలియున్నదని కనుగొనెను. ఆ కాలమున పరిశోధన నౌకలపైకి స్త్రీలను రానిచ్చెడివారు కారు. ఆమె చూచినది అంకెలను మాత్రమే. ఆమెతో కలిసి పనిచేయు బ్రూస్ హీజెన్ దానిని ఆడపిల్లల మాటగా త్రోసిపుచ్చెను. పిదప సముద్రగర్భమున భూకంపములు పుట్టిన చోట్లను వేరొక పటముపై గుర్తించి సరిపోల్చగా, అవి ఆ లోయ వెంబడినే బారులు తీరియుండెను. అప్పుడాయన అంగీకరించెను.