కామాటిపురలో నిజాం ప్రజలు

మహారాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా పునర్నిర్మాణం మాట వచ్చినప్పటి నుంచి ముంబయి కామాటిపుర గల్లీల్లో పాత పంచాయితీ మళ్ళీ లేచింది. అసలువాళ్ళెవరు, బయటివాళ్ళెవరు? చాళ్ళలో మంచాల కింది ట్రంకుపెట్టెలు తెరుచుకుంటున్నాయి. తాతల పేరున్న పగిడీ (అద్దె హక్కు) రసీదులు బయటికొస్తున్నాయి.

1909 నాటి బొంబాయి గెజెటీర్‌లో ఎస్.ఎం. ఎడ్వర్డ్స్ కామాటీలను నిజాం ఇలాకా నుంచి వచ్చిన కూలీలుగా తేల్చేశాడు. తర్వాతివాళ్ళు అదే దించుకుని, ఎర్రదీపాల కథలోకి జారుకున్నారు. నిజాం మనిషి బొంబాయిలో చట్టం కంటికి ఎవరు? ఆ ప్రశ్న వేసిన రచయిత కనబడడు.

1795 నాటికే కామాటీలు ఇక్కడ దిగారన్న లెక్క నిజమైతే, అప్పటికి హైదరాబాదు కుంపిణీ నీడలోకి రాలేదు. సైన్య సహకార ఒప్పందం 1798లో కదా! అంటే పేటకు పేరిచ్చినవాడే పరదేశి.

1914 బ్రిటిష్ జాతీయత చట్టం ప్రకారం చూస్తే చిక్కు ఇంట్లోనే ఉంది. పాలమూరులో పుట్టిన తండ్రి బ్రిటిష్ ప్రజ కాడు, బ్రిటిష్ రక్షణలో ఉన్న వ్యక్తి మాత్రమే. అయిదో గల్లీలో పుట్టిన కొడుకు మాత్రం పుట్టుకతోనే బ్రిటిష్ ప్రజ. అదే కొడుకు హైదరాబాదులో సర్కారీ నౌకరీ అడిగితే అక్కడ స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధనలు. తండ్రి ముల్కీ అయితే కొడుకూ ముల్కీయే.

సింగపూరులో పుట్టిన చైనీయులదీ ఇదే గతి. ఇంగ్లీషు చట్టానికి వాళ్ళు బ్రిటిష్ ప్రజలు. 1909 చైనా చట్టానికి తండ్రి రక్తాన్ని బట్టి చైనావాళ్ళు. చైనాలో బ్రిటిష్ రక్షణ కావాలంటే చైనా దుస్తులు విడవాలని రాయబారి ఆల్కాక్ 1868లో షరతు పెట్టాడు. మన కామాటీని ధోవతి విప్పమని ఎవరూ అనలేదు, అంతవరకు నయం. పైగా 1890 విదేశీ అధికార పరిధి చట్టం 15వ సెక్షను సంస్థానాల ప్రజలనూ రక్షణ పొందేవారి లెక్కలో వేసింది. షాంఘైలో దొరికే ఆ గొడుగుకు బొంబాయిలో అర్థమే లేదు.

ఇక్కడ పనిచేసింది 1903 నేరస్థుల అప్పగింత చట్టం. సంస్థానంలో నేరం చేశాడని అనుమానముంటే చాలు, అక్కడి బ్రిటిష్ రెసిడెంటు వారంటు బొంబాయి చీఫ్ ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటుకు చేరేది. తండ్రికీ కొడుక్కీ అందులో తేడా లేదు. మినహాయింపు ఐరోపా జాతి బ్రిటిష్ ప్రజలకే. ‘మేమెప్పుడూ ఒకే ప్రభుత్వం కింద ఉన్నాం’ అని గల్లీ పెద్దలు ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదన ఈ ఒక్క చట్టం ముందు నిలవదు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది. రాజ్యాంగంలోని 5వ అధికరణం 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చి తండ్రినీ కొడుకునూ ఒకే పౌరసత్వం కిందికి తెచ్చింది.