వడగాడ్పు

వేసవిలో వీచే వేడి గాలి. వడగాలి అన్నా ఇదే. భారత వాతావరణ శాఖ లెక్కలో గరిష్ఠ ఉష్ణోగ్రత మైదానాల్లో 40, తీరంలో 37 డిగ్రీల సెల్సియస్‌కు చేరి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. తీరానికి హద్దు తగ్గించడం సబబే. గాలిలో తేమ నిండితే చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు.

ఉపశమన మార్గాలూ గాలిలోని ఈ తేమ తేడాను బట్టే మారతాయి. రామగుండం వంటి పొడి చోట్ల వట్టివేళ్ల తడికలు, ఎయిర్ కూలర్లు బాగా పనిచేస్తాయి. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ అందుకే. కాకినాడలో, విశాఖపట్నంలో అదే కూలర్ ఉక్కను పెంచుతుంది. అక్కడ కావలసింది గాలి ఆడే ఇల్లు. సముద్రపు గాలి ఆలస్యమైన రోజున మాత్రం పడమటి గాలి తీరాన్నీ మాడుస్తుంది.

ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, అంబలి, తరవాణి చెమటతో పోయిన నీటినీ లవణాన్నీ కొంత తిరిగి అందిస్తాయి. పేదవాడికి అందుబాటులో ఉన్న మందు ఇదే.

2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోయారు; అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. ఎండలో పనిచేసే కూలీలకు, వృద్ధులకు ముప్పు ఎక్కువ. అందుకే పనివేళలు మార్చడం అన్నిటికన్నా ముఖ్యం.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే అది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.