మూడు మానిటర్లపై గేమింగ్: గ్రాఫిక్స్ కార్డు మార్చే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఒక మానిటర్ మీద హాయిగా నడిచే గేమ్, మూడు మానిటర్లు తగిలించగానే నత్తనడక నడుస్తుంది. అప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: గ్రాఫిక్స్ కార్డు మార్చు. సలహా తప్పు కాదు. కానీ ఏ కార్డు అనేది షాపులో డబ్బా మీద పేరు చూస్తే తేలదు. మానిటర్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, గేమ్ ఎన్ని మానిటర్ల మీద పరుచుకుంటుందన్నదే అసలు ప్రశ్న. ఈ తేడా తెలియక కొందరు అవసరం లేని కార్డుకు వేలు పోస్తారు. ఇంకొందరు వేలు పోసి కూడా చాలని కార్డు ఇంటికి తెచ్చుకుంటారు.

ఆట ఒక స్క్రీన్ మీదా, మూడింటి మీదా?

మధ్య మానిటర్‌పై గేమ్, పక్క మానిటర్లపై డిస్కార్డ్, యూట్యూబ్, బ్రౌజర్. చాలామంది వాడకం ఇదే. ఇలాంటప్పుడు పక్క మానిటర్ల వల్ల కార్డుపై పడే భారం చాలా తక్కువ. కొద్దిగా వీడియో మెమరీ, వీడియో నడిస్తే కొంచెం పని, అంతే. ఇక్కడ ఒక మానిటర్‌కు సరిపోయే కార్డు మూడింటికీ సరిపోతుంది, పోర్టులు ఉంటే చాలు.

రెండో రకం వేరు. రేసింగ్, విమానాల సిమ్యులేటర్లు ఆడేవాళ్లు మూడు మానిటర్లను కలిపి ఒకే పెద్ద తెరగా వాడతారు. ఏఎండీ 2009లో రేడియాన్ హెచ్‌డీ 5800 సిరీస్‌తో తెచ్చిన ఐఫినిటీ, ఎన్విడియా సరౌండ్ చేసే పని ఇదే. మొదట్లో సరౌండ్‌కు రెండు కార్డులు కావాల్సి వచ్చేది. 2012లో జీటీఎక్స్ 680 వచ్చాక ఒక్క కార్డుతోనే పని అయిపోయింది. భారం నిజంగా పెరిగేది ఈ రకం వాడకంలోనే.

పిక్సెళ్ల లెక్క

1920×1080 మానిటర్‌లో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు ఉంటాయి. అలాంటివి మూడు కలిపితే 5760×1080, అంటే 62.2 లక్షలు. 2560×1440 మానిటర్ ఒక్కటే అయితే 36.9 లక్షలు, 4కే మానిటర్ అయితే 82.9 లక్షలు. 1440పి మానిటర్లు మూడు పెడితే లెక్క 1.10 కోట్లు దాటుతుంది. అది 4కే కంటే ఎక్కువ.

రివ్యూల్లో మూడు మానిటర్ల ఫలితాలు అరుదుగా దొరుకుతాయి. కానీ 1440పి, 4కే ఫలితాలు ప్రతి రివ్యూలోనూ ఉంటాయి. మూడు 1080పి మానిటర్లు ఆ రెండింటికీ మధ్యలో, 4కేకు కాస్త దగ్గరగా ఉంటాయి. కాబట్టి కార్డు ఎంచుకునేటప్పుడు 1080పి అంకెలు పక్కన పెట్టి 4కే అంకెలు చూడాలి. అక్కడ ఆడదగ్గ వేగం వస్తే ఇక్కడా వస్తుంది.

ఇంకో మాట. తెర వెడల్పయితే గేమ్‌లో కనిపించే చెట్లు, కార్లు, మనుషులు కూడా ఎక్కువవుతారు. ఆ పనిలో కొంత భాగం ప్రాసెసర్ మీద పడుతుంది. అందుకే కొనే ముందు పాత కార్డుతోనే మూడు స్క్రీన్లపై ఆడుతూ, టాస్క్ మేనేజర్‌లో కార్డు వాడకం చూడాలి. 95 శాతం దాటి ఉంటే ఇబ్బంది కార్డుదే. 60 శాతం దగ్గరే ఆగి, ఆట మాత్రం నెమ్మదిగా ఉంటే చాలాసార్లు ప్రాసెసర్ అందుకోలేకపోతోందని అర్థం. అప్పుడు కొత్త కార్డు తెచ్చినా పైసలు దండగే.

అన్ని గేమ్స్‌కూ మూడు స్క్రీన్లు పనికిరావు

ఐరేసింగ్, అసెట్టో కోర్సా లాంటివి మూడు మానిటర్ల కోణాలను విడివిడిగా లెక్కగట్టి చూపిస్తాయి. ఆ ఏర్పాటు లేని గేమ్స్‌లో బొమ్మ రెండు పక్కలా సాగదీసినట్టు కనిపిస్తుంది. ఎల్డెన్ రింగ్‌లో అయితే పక్కల నల్లటి పట్టీలే వస్తాయి. వాలరెంట్ కూడా పక్కల అదనంగా ఏమీ చూపించదు. ఎక్కువగా ఇలాంటి ఆటలే ఆడేవాళ్లు మూడు స్క్రీన్ల కోసం కార్డు మార్చడంలో అర్థం లేదు.

వీడియో మెమరీ దగ్గర పిసినారితనం వద్దు

పిక్సెళ్లు పెరిగితే కార్డులోని మెమరీ వాడకం కూడా పెరుగుతుంది. అది నిండితే కార్డు కంప్యూటర్ ర్యామ్‌ను అరువు తెచ్చుకుంటుంది. ఆ దారి చాలా నెమ్మది. ఆట నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా ఆగి, మళ్లీ కదులుతుంది. కొత్త పెద్ద గేమ్స్‌ను మూడు స్క్రీన్లపై ఆడాలంటే 8 జీబీ ఇరుకే. 12 జీబీ ఫరవాలేదు, 16 జీబీ అయితే నిశ్చింత. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రకాల్లో వస్తాయి. బిల్లు మీద ఏది రాశారో చూసుకోకపోతే మోసపోయేది అక్కడే.

పోర్టులు లెక్కపెట్టాలి

జీఫోర్స్ కార్డుల్లో ఎక్కువగా మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. 9060 ఎక్స్‌టీ మోడళ్లలో చాలావాటికి మొత్తం పోర్టులు మూడే. మూడు మానిటర్లు పెట్టేశాక నాలుగోదానికి, టీవీకి చోటు ఉండదు.

మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ ఉంది కదా అనుకోవడానికి లేదు. రైజెన్ 5 3600లో గానీ, ఐ5 12400ఎఫ్ లాంటి ‘ఎఫ్’ ప్రాసెసర్లలో గానీ సొంత గ్రాఫిక్స్ ఉండదు, కాబట్టి ఆ పోర్టు పనిచేయదు. వీజీఏ మాత్రమే ఉన్న పాత మానిటర్‌కు అడాప్టర్ విడిగా కొనాలి. మూడింటినీ కలిపి ఆడేట్టయితే ఒకే రిజల్యూషన్, ఒకే రిఫ్రెష్ రేటు ఉన్న మానిటర్లు తీసుకోవాలి. ఒకటి 165 హెర్ట్జ్, మిగతావి 60 హెర్ట్జ్ అయితే, కొన్ని కార్డులు ఆట లేనప్పుడు కూడా మెమరీని పూర్తి వేగంతో నడిపి వేడెక్కుతాయి.

కరెంటు, గాలి

ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీకి 160 వాట్లు, ఆర్‌టీఎక్స్ 5060 టీఐకి 180, ఆర్‌టీఎక్స్ 5070కి 250, ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి 304 వాట్లు కావాలి. 5070కి 650 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్విడియానే చెబుతోంది. పేరు లేని పవర్ సప్లై మీద రాసిన అంకెను నమ్మి పెద్ద కార్డు తగిలిస్తే, ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోవడం మామూలే.

యూపీఎస్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఇళ్లలో ఉండే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లే ఇస్తుంది. కొత్త కార్డు, ప్రాసెసర్, మూడు మానిటర్లు కలిస్తే ఆ హద్దు దాటిపోవచ్చు. మానిటర్లలో రెండింటిని యూపీఎస్ నుంచి తప్పించడం ఒక దారి. మన ఎండాకాలంలో గాలి ఆడని కేబినెట్‌లో ఎంత మంచి కార్డయినా వేడికి వేగం తగ్గించుకుంటుంది. కార్డు పొడవు కూడా కొలుచుకుని వెళ్లాలి.

ఒక ఉదాహరణ

రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 6 జీబీ జీటీఎక్స్ 1660 సూపర్, 550 వాట్ల పవర్ సప్లై, మూడు 1080పి మానిటర్లు. ఇది బాగా కనిపించే సెటప్పే. ఈ బోర్డులో ఉన్నది పాత పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0 స్లాట్. 5060 టీఐ ఎనిమిది లేన్లే వాడుతుంది కాబట్టి ఈ బోర్డులో దానికి దారి ఇరుకవుతుంది. 8 జీబీ రకమైతే మెమరీ నిండినప్పుడు దెబ్బ రెట్టింపు. 9060 ఎక్స్‌టీ పదహారు లేన్లూ వాడుతుంది, పవర్ సప్లై మార్చే పని లేదు. ఈ మిషన్‌కు దాని 16 జీబీ రకమే సరైన జోడీ. 9070 ఎక్స్‌టీ పెడితే పవర్ సప్లై మార్చాలి, పాత ప్రాసెసర్ దాన్ని పూర్తిగా వాడుకోలేదు. ముందు ప్రాసెసర్ మార్చుకుని, తర్వాత ఆ కార్డు గురించి ఆలోచించడం మంచిది.

సెకండ్ హ్యాండ్ అయితే

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, తెలిసినవాళ్ల దగ్గర కొన్నా, సీరియల్ నంబర్ ఉన్న బిల్లు అడగాలి. అరగంట సేపు బరువైన గేమ్ నడిపించి వేడి, ఫ్యాన్ శబ్దం గమనించాలి. ఒక్క పోర్టు చూసి సరిపెట్టుకోవద్దు. ప్రతి పోర్టుకూ మానిటర్ తగిలించి చూడాలి. ఒక్కటి పనిచేయకపోయినా మూడు మానిటర్ల కోసం ఆ కార్డు కొనడం వృథా.

బడ్జెట్ ఇంకా అందకపోతే పాత కార్డుతోనే కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. నీడలు, ప్రతిబింబాలు తగ్గించి, గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ ఉంటే ఆన్ చేయాలి. ఆర్‌టీఎక్స్ కార్డయితే డీఎల్ఎస్ఎస్ కూడా వాడొచ్చు. ఇవి తక్కువ పిక్సెళ్లతో బొమ్మ గీసి పెద్దది చేస్తాయి. దానితోనే ఆట సాఫీగా నడిస్తే, కార్డు ఖర్చు మరో ఏడాదికి వాయిదా వేసుకోవచ్చు.