పాత పేపర్లు, కొత్త హెడ్డింగులు – 3: కర్త ఎటు పోయిండు?



కొత్తగా చదివేటోళ్ల కోసం మన ఆట రూలు మళ్లీ చెప్తున్న. చరిత్రల జరిగిన సంగతి ఒకటి తీసుకోవాలె. తేదీ మార్చొద్దు, ఊరు మార్చొద్దు. వాక్యంల కర్తను మార్చి, మర్నాటి పేపర్ల హెడ్డింగు ఎట్లుండేదో రాయాలె. నవ్వొస్తే ఆట గెలిచినట్టు. ఆ నవ్వు ఎందుకొచ్చిందో చెప్పగలిగితే చదువు గెలిచినట్టు.

మా రామకృష్ణాపూర్ బొగ్గు మీద బతికే ఊరు. కాబట్టి బొగ్గుతోనే మొదలుపెడదాం.

1871. జియోలాజికల్ సర్వే డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు 'కనుగొన్నడు'. పుస్తకంల అట్లనే ఉంటది. బొగ్గు పొరల్లో ఒకదానికి ఆయన పేరు మీద కింగ్ సీమ్ అని పేరు. కోల్‌బెల్టుల పెద్దమనుషులు చెప్పే కథ వేరే ఉంది. పొయ్యికి రాళ్లు పెడితే ఆ రాళ్లే అంటుకున్నయట. కథ నిజమా కాదా పక్కన పెట్టి, కర్తను మార్చండి:

"ఇల్లెందు అడవిల తెల్లదొరను కనుగొన్న స్థానికులు. మండే రాళ్లు చూసి దొర ఆశ్చర్యం. రాళ్లకు తన పేరే పెట్టాలని పట్టు."

1917 నవంబర్, బెజవాడ. 'పంచమ' మహాసభ అని పిలిచిండ్రు. హైదరాబాద్ నుంచి అధ్యక్షుడిగా పోయిన మాదరి భాగయ్య, అదే మన భాగ్యరెడ్డి వర్మ, మేం ఐదోవాళ్లం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం అన్నడు. సభ పేరు అక్కడికక్కడే ఆది ఆంధ్ర సభ అయింది. సభ నడిచిన మూడు రోజులు కనకదుర్గ గుడి మూసిపెట్టిండ్రని చెప్తరు. మన హెడ్డింగు:

"బెజవాడ పూజారులకు మూడు రోజుల సెలవు. మొదటివాళ్లు సభ పెట్టుకున్నందున తర్వాత వచ్చినవాళ్లు ఇంట్లనే ఉండాలని మనవి."

1920 జనవరి 31న బాబాసాహెబ్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టిండు. పైసలిస్తం, ప్రకటన వేయండి అన్నా 'కేసరి' వేయలేదు. అదే ఏడాది డిసెంబర్ 23న మన బొగ్గు కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరొచ్చింది. సింగరేణి అంటే ఒక ఊరు. రెండు హెడ్డింగులు:

"ప్రకటన వేయుమని మూక్‌నాయక్ ఆఫీసు ముందు కేసరి పడిగాపులు. జాగా ఉంది, మీలెక్క చేయమని జవాబు."

"ఊరి పేరును కంపెనీకి కిరాయికిచ్చిన సింగరేణి జనం. టన్నుకింత అని వసూలు."

ఇంతవరకు నవ్వినం. ఎందుకు నవ్వొచ్చింది? పేరు పెట్టే హక్కు, జాగా ఇచ్చే హక్కు మన చేతుల ఉండటం అంత వింతగా అనిపిస్తది కాబట్టి. ఇప్పుడు దగ్గరి రోజులకు రండి.

1985 జూలై, కారంచేడు. మాదిగలు తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దన్నందుకు గొడవైంది. కొట్టొస్తే సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు, 17న, ఊరి కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపిండ్రు. ఇట్లాంటివాటిని 'ఘర్షణ' అని రాయడం పేపర్లకు పాత అలవాటు. ఘర్షణ అనేది తనంతట తానే నడిచొచ్చి మనుషులను చంపి పోయినట్టు.

2003 జూన్ 16, గోదావరిఖని 7 ఎల్‌ఈపీ. బాయిలకు ఒక్కసారే నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయిండ్రు. ఇక్కడ కర్త నీళ్లు. బాయి వార్తలు ఎప్పుడూ అంతే: కప్పు కూలింది, గ్యాస్ పట్టింది, నీళ్లు వచ్చినయి. బొగ్గు దొరికితే కర్త దొర. ప్రాణం పోతే కర్త నీళ్లు.

ఈ రెండింటికి కర్తను మారిస్తే హెడ్డింగులు ఇట్లుంటయి:

"తాగే నీళ్లు పాడుచేసిన యువకుణ్ని మందలించిన పెద్దలు."

"పాత పనిచోట్లల్ల నీళ్లు ముందే తోడించిన అధికారులు. 7 ఎల్‌ఈపీల షిఫ్టు ఆలస్యం."

నవ్వు రాలేదు గదా? లోపలి పేజీల, సినిమా ప్రకటన కింద, నాలుగు లైన్లు. ఎవ్వరూ చదవని చప్పటి వార్తలు. ఆ చప్పటి వార్తలు రానందుకు మనం కట్టిన వెల 23 ప్రాణాలు. మన ఆటలో అన్నిటికంటే గొప్ప హెడ్డింగులు ఇవే.

మన పెద్దలకు ఈ సంగతి ముందే తెలుసు. అందుకే భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టిండు. కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపిండు. పక్కోని పేపర్ల జాగా అడుక్కునుడు కాదు, మన వాక్యం మనమే రాసుకునుడు వాళ్ల పద్ధతి.

ఇగ ఈ వారం పని. బాయికి నంబరు, లాంపుకు నంబరు, క్వార్టరుకు నంబరు ఉన్న బెల్టు మనది. తట్టా చెమ్మసు పట్టి బొగ్గు నింపినోళ్లల్ల మాల మాదిగలు, వెనకబడిన కులాలోళ్లే ఎక్కువ. మీ ఇంట్ల, మీ వాడల అట్లాంటి తాత ఉంటే కాసేపు పక్కన కూసోండి. ఏ బాయిల, ఏ ఏడాది, ఎవరెవరితోని నింపిండో అడగండి. ఆయన ఒప్పుకుంటే ఒక్క వాక్యం రాయండి, ఆయన పేరే కర్తగా. ఆయన కాలంల పేపరు రాయని హెడ్డింగు అదే.

రాసిన వాక్యాన్ని ముందు ఆ తాతకే చదివి వినిపించండి.

జై భీమ్.