చీరాలను ఖాళీ చేయించిన మేష్టారు

గాంధీగారు చెప్పారు, చీరాల కదిలింది. ఏటా ఎవరో ఒకరు వేదికెక్కి ఈ ముక్క అనకుండా మన ఊళ్ళో స్మారక సభ ముగియదు. ఈమధ్య పైఊరి నుంచి వచ్చిన వక్త ఒకాయన ఇంకో మెట్టెక్కి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గాంధీగారి ఆజ్ఞను అమలు చేసిన మంచి కార్యకర్త అని సెలవిచ్చాడు. ముందు వరసలో కూర్చున్న మన పెద్దలే చప్పట్లు కొట్టారు. శాలువా కప్పి, కారెక్కించి పంపారు. అక్కడ నోరు విప్పనివాళ్ళలో నేనూ ఉన్నాను కాబట్టి ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

ముందే చెప్పేస్తాను, నాది జాండ్రపేట. నేతపని ఇంట్లో పుట్టినవాణ్ణి. ఈ చరిత్ర రాసినవాళ్ళంతా ‘చీరాల–పేరాల’ అని రెండు పేర్లతో సరిపెట్టారు. మాట్లాడేటప్పుడు అందులో పేరాలను కూడా మింగేస్తారు. అదేమంటే పేరాలవాళ్ళకు ఇప్పటికీ కోపం. మరి జాండ్రపేట, వీరరాఘవపేటల సంగతేమిటి? పన్ను పడింది నాలుగు చోట్లా. పుస్తకం అట్ట మీద రెండింటికే చోటు దొరికింది. ఈ అలక నా తీర్పుల్లో తొంగిచూస్తే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

సంగతి అందరికీ తెలిసిందే. ఇదంతా అప్పట్లో గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. నాలుగు ఊళ్ళూ కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. ఏడాదికి వచ్చే పన్ను 4,000 రూపాయల లోపు. ఆ యూనియన్ని మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. పన్ను 30,000 దాటింది. కొన్ని పుస్తకాల్లో 40,000 అని ఉంటుంది. ఏ లెక్క తీసుకున్నా ఏడెనిమిది రెట్లకు తక్కువ కాదు. పెరిగిన పన్నుకు బదులుగా వీధిలోకి నీళ్ళు రాలేదు, దీపం రాలేదు. జనం అర్జీలు పెట్టుకున్నారు. స్థానిక స్వపరిపాలన శాఖ పానగల్లు రాజావారి చేతిలో ఉండేది. ఆయన మెత్తబడలేదు. మునిసిపల్ మెంబర్లు రాజీనామాలు చేశారు. సర్కారు జీతమిచ్చి ఒక చైర్మన్‌ని కూర్చోబెట్టింది. పన్ను కట్టనన్నవాళ్ళను జైలుకు పంపింది. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి తేదీలు చూడండి. పైన చెప్పినదంతా గాంధీగారు చీరాల రాకముందే జరిగింది. ఆయన వచ్చింది 1921 ఏప్రిల్ 6న, బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలు ముగిశాక. అప్పటికే ఊరు ఎదురుతిరిగింది, అప్పటికే జైలు రుచి చూసింది. ఆయన ముందు నిలబడింది ఏం చేయాలో తోచక చేతులు జోడించిన జనం అనుకుంటే పొరపాటు. ఎంతదూరం వెళ్ళవచ్చో తేల్చుకోవడానికి వచ్చిన జనం అది.

గాంధీగారు చెప్పింది కూడా ఒక్క మాట కాదు, రెండు దారులు. ఊళ్ళోనే ఉండి, పన్ను కట్టకుండా, ఏ శిక్ష వేసినా చేయెత్తకుండా భరించడం మొదటిది. మునిసిపాలిటీ హద్దు దాటి బయటికి వెళ్ళిపోవడం రెండోది. రెండో దారి పట్టేట్టయితే కాంగ్రెస్ మీద ఆశ పెట్టుకోవద్దనీ, సొంత కాళ్ళ మీద నిలబడగలిగితేనే దిగమనీ హెచ్చరించి వెళ్ళారు. ఆజ్ఞ అంటే ఇలా ఉంటుందా? రెండు దారులు చూపించి, ఖర్చు మీదేనన్నాడాయన. ఎంచుకున్నది ఊరు.

ఊరు వదిలిపోవాలన్న ఆలోచన కూడా ఆయన సబర్మతి నుంచి మూటగట్టి తెచ్చింది కాదు. అంతకు ముందటేడు, 1920లో, ఖిలాఫత్ వేడిలో వేలమంది ముస్లింలు హిజ్రత్ అంటూ అఫ్గానిస్థాన్ దారి పట్టారు. అది పత్రికలు చదివే ప్రతివాడికీ తెలుసు. అంతకంటే పాత సంగతి మా కులవృత్తిలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో గుమాస్తాల పీడన మితిమీరితే ఈ కోరమాండల్ తీరం నేతగాళ్ళు మగ్గాలు వదిలేసి వేరే ఊళ్ళకు లేచిపోయేవాళ్ళు. శిస్తు భరించలేని రైతులూ అదే చేశారు. ఊరు వదలడం మనవాళ్ళకు తాతలనాటి ఆయుధం. దానికి ఖద్దరు తొడిగిన ఖ్యాతి గాంధీగారిది. అంతవరకు ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. 15,000 జనమున్న ఊళ్ళ నుంచి 13,000 పైచిలుకు మంది కొన్ని వారాల వ్యవధిలో, ఎండాకాలంలో, ఇళ్ళు వదిలి తాటాకు పాకల్లోకి ఎలా పోయారు? ఒక సాయంత్రం ఉపన్యాసానికి అంత బలముంటుందా? ఆ ఉపన్యాసం విన్న ఊళ్ళన్నీ మరి ఎందుకు కదలలేదు? జవాబు చెప్పాలంటే అంతకు ముందు సంగతులు చూడాలి. ఆ సంగతుల్లో ఉన్నవాడు ఒక బడిపంతులు.

గోపాలకృష్ణయ్యను మనం ఆంధ్రరత్న అంటాం. చమత్కారి అంటాం, వక్త అంటాం, కవి అంటాం. మేష్టారని మాత్రం ఎవరూ అనరు. 1889 జూన్ 2న పెనుగంచిప్రోలులో పుట్టాడు. తండ్రి కోదండరామస్వామిది కూడా బడిపంతులు ఉద్యోగమే. తల్లి కాన్పు సమయంలోనే పోయింది, మూడో ఏట తండ్రి పోయాడు. దుగ్గిరాలవారి స్వగ్రామం రేపల్లె దగ్గరి కూచినపూడి, పెరిగింది అక్కడా గుంటూరులోనూ. బాపట్ల తాలూకా కచేరీలో కొన్నాళ్ళు గుమాస్తాగిరీ చేశాడు. 1911లో స్నేహితుడు నడింపల్లి నరసింహారావుతో కలిసి స్కాట్లండు వెళ్ళి, ఎడింబరోలో అర్థశాస్త్రం ఎం.ఏ. చేశాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయదర్పణాన్ని ఇంగ్లీషు చేశాడు. హార్వర్డు విశ్వవిద్యాలయం ముద్రణాలయం దాన్ని 1917లో అచ్చువేసింది. తిరిగివచ్చాక రాజమండ్రి ట్రెయినింగు కాలేజీలో పాఠం చెప్పాడు, తరవాత బందరు జాతీయ కళాశాలలో చెప్పాడు. రెండు చోట్లా పైవాళ్ళతో పడలేదు. రెండూ వదిలేశాడు.

జీవితచరిత్రలు రాసినవాళ్ళు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేసి, అక్కడి నుంచి ‘రాజకీయ జీవితం’ అని కొత్త అధ్యాయం మొదలుపెడతారు. నా పేచీ అక్కడే. ఉద్యోగం వదిలాడు గాని, ఆయన పాఠం చెప్పడం ఎప్పుడు మానాడు? చీరాలలో కాపురం పెట్టి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టాడు. గ్రంథాలయోద్యమంలో తిరిగాడు. రామదండు కట్టాడు. మెడలో రుద్రాక్షలు, నుదుట బొట్టు పెట్టుకుని వరసలో నడిచే స్వచ్ఛంద సేవకుల దళం అది. వెయ్యిమంది అని చెప్తారు. రామదండు అనగానే ఇవాళ్టి వాళ్ళకు భజన బృందం గుర్తొస్తుంది. బెజవాడ సమావేశాలకు విరగబడ్డ జనాన్ని అదుపులో పెట్టింది ఈ దండే. పిలిస్తే రావడం, చెప్పినచోట నిలబడడం, తిట్టినా కొట్టినా చేయెత్తకపోవడం: ఇవి పుట్టుకతో వచ్చే గుణాలు కావు, ఎవరో కూర్చోబెట్టి నేర్పాలి. అర్థశాస్త్రం చదివినవాడు పన్ను లెక్క అరటిపండు ఒలిచినట్టు చెప్పగలడు. నాటకం, నాట్యం తెలిసినవాడు వేలమందిని ఒక్కచోట నిలబెట్టగలడు. ఆ రెండూ ఒకే మనిషిలో కలవడం చీరాల అదృష్టం.

ఊరు వదిలినవాళ్ళు పాకలు వేసుకున్న రామనగర్‌లో జరిగింది చూసినా అదే కనిపిస్తుంది. అన్ని కులాల ప్రతినిధులతో ఒక సభ పెట్టుకున్నారు. తగాదాలు తీర్చడానికి సొంత పంచాయతీ కోర్టు పెట్టుకున్నారు. గాంధీగారు ‘యంగ్ ఇండియా’లో చీరాల–పేరాల గురించి రాశారు, మెచ్చుకున్నారు. కానీ జనం అక్కడ గడిపిన పదకొండు నెలలూ ఊరిని నడిపింది పొద్దున లేస్తే పాకల మధ్య తిరిగినవాళ్ళు.

ఇక ఏ పుస్తకంలోనూ లేని సంగతి ఒకటి చెప్పాలి. జాండ్రపేటవాణ్ణి కాబట్టి నేనే చెప్పాలి. పెట్టెలు, బిందెలు, మంచాలు బండిలో వేసుకుని పోవచ్చు. గుంట మగ్గాన్ని ఎలా తీసుకుపోతారు? అది నేలలో ఉంటుంది. నేతగాడు కాళ్ళు గుంటలోకి దించి తొక్కుడుకర్రలు తొక్కుతాడు. అచ్చు, నాడె, దూలాలు విప్పి మోసుకుపోవచ్చు. గుంట మాత్రం కొత్తచోట మళ్ళీ తవ్వాల్సిందే. పడుగు పరచడానికి పొడవాటి వీధి కావాలి. గంజి పెట్టి ఆరబెట్టడానికి నీడ కావాలి. నేత తడిని ఓర్చుకోదు. వాన పడితే గుంటలోకి నీరు ఊరుతుంది, నూలు చెడుతుంది. పక్కా ఇళ్ళల్లోనే ఇప్పటికీ వానాకాలం మాకు పస్తుల కాలం. ఇక తాటాకు పాకలో, సముద్రానికి ఆమడ దూరం లేని చోట, ఈశాన్య రుతుపవనాల వాన ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాళ్ళు ఉన్న పదకొండు నెలల్లో అదీ వచ్చి పోయింది. భూమి ఉన్న రైతుకు ఊరు వదిలినా పొలం ఎక్కడికీ పోదు. నేతగాడికి ఇల్లే కార్ఖానా. ఊరు వదలడమంటే కూలి వదలడమే. ఇది తెలిసి కూడా కదిలారు. ‘ప్రజలు తరలివెళ్ళారు’ అని పుస్తకాలు రాసే ఒక్క ముక్కలో ఈ గుంటలన్నీ పూడిపోయాయి.

డబ్బు లేకపోవడమే చివరికి దెబ్బ కొట్టింది. చందాల కోసం గోపాలకృష్ణయ్య గంజాం జిల్లా బరంపురం దాకా వెళ్ళాడు. మాట్లాడకూడదని అక్కడ నిషేధం. ఆయన మాట్లాడాడు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. రామనగర్ పెద్దదిక్కు కోల్పోయింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తరవాత గాంధీగారు శాసనోల్లంఘన ఆపేశారు. పదకొండు నెలల మీద జనం ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. మునిసిపాలిటీ నిలిచింది, పన్నూ నిలిచింది.

అందుకే దీన్ని విఫలోద్యమం అంటారు. పాఠ్యపుస్తకాల్లో పల్నాడు అడవి సత్యాగ్రహం, పెదనందిపాడు పన్నుల నిరాకరణ, చీరాల–పేరాల పక్కపక్కనే మూడు పేరాలు. పల్నాటికి కన్నెగంటి హనుమంతు బలిదానం ఉంది, పెదనందిపాడుకు పర్వతనేని వీరయ్య చౌదరి దళం ఉంది, మనకు ‘ఓటమి’ అని ముద్ర. ఓడిపోయాం, నిజమే. దాన్ని గెలుపని తిప్పి చెప్పే స్థానిక అభిమానులంటే నాకు చికాకు. కానీ పెదనందిపాడు పన్నుల పోరాటాన్ని కూడా మధ్యలో ఆపేయవలసే వచ్చింది. ఆ ఊరికి దళం పేరు మిగిలింది, మాకు ఓటమి మిగిలింది. ఈ తూకం ఎవరు వేశారో గాని, మొగ్గు చూపారు.

గోపాలకృష్ణయ్యను విప్లవకారుడు అనవచ్చా అని ఒక మిత్రుడు సభ అయ్యాక అడిగాడు. బాంబు లేదు, పిస్తోలు లేదు కదా అని ఆ మిత్రుడి సందేహం. సర్కారు పెట్టిన పాలక వ్యవస్థ కింద కొద్దిమంది తప్ప ఎవరూ మిగలకుండా చేసి, హద్దు బయట మరో సభ, మరో కోర్టు పెట్టినవాణ్ణి ఇంకేమంటారో ఆయనే చెప్పాలి. పిస్తోలు పట్టినవాడికి సర్కారుతో పోరాటం ఉంటుంది గాని, మర్నాడు పొద్దున పదమూడు వేల మందికి నీళ్ళు ఎలా అన్న చింత ఉండదు.

జైలు నుంచి వచ్చాక గోపాలకృష్ణయ్య స్వరాజ్య పార్టీలో తిరిగాడు. చేతిలో డబ్బు నిలిచే మనిషి కాదు. క్షయ పట్టుకుంది. 1928 జూన్ 10న, ముప్ఫైతొమ్మిదేళ్ళు నిండిన వారానికే పోయాడు. విజయవాడలో కాంగ్రెస్ ఆఫీసుకు ఆంధ్రరత్న భవన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ భవనం మెట్లెక్కే నాయకుల్లో ఆయన రాజమండ్రిలో, బందరులో పాఠాలు చెప్పాడని తెలిసినవాళ్ళు ఎంతమందో? పుట్టాడని పెనుగంచిప్రోలు, ఇంటిపేరు మాదని కూచినపూడి, భవనం మాదని విజయవాడ. పని చేసిన ఊరిది మాత్రం ఆఖరి వరస.

రామనగర్‌కు శిలాఫలకం పెట్టాలని ఏటా ఒక తీర్మానం చేస్తాం. ఫలకం పెట్టేవాళ్ళు నాలుగు ఊళ్ళ పేర్లూ చెక్కించండి, చీరాల, పేరాల రెండింటితో సరిపెట్టకండి. ‘గాంధీగారి ఆదేశం మేరకు’ అన్న మాట తీసేసి ‘ఊరి నిర్ణయం మేరకు’ అని చెక్కించండి. వీరరాఘవపేటలో, జాండ్రపేటలో పాత ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కడుతున్నారు. అటకల మీద 1920, 1921 నాటి పన్ను నోటీసులు, రసీదులు దొరికితే పాతకాగితాలవాడికి వేసేయకుండా ఊరి లైబ్రరీలో ఇవ్వండి. ఎవరి ఇంటికి ఎంత పన్ను వేశారో వాటిలో ఉంటుంది. 30,000కూ 40,000కూ మధ్య తగాదా అక్కడ తేలిపోతుంది.