కండ పెరిగితేనే బలం పెరుగుతుందా?

జిమ్‌లో చేరి నెల రోజులైంది. మొదటి వారంలో 10 కిలోల డంబెల్‌కే ఆపసోపాలు పడ్డ కుర్రాడు ఇప్పుడు 15 కిలోలు ఎత్తుతున్నాడు. కానీ టేపు పెట్టి కొలిస్తే చేయి ఎంత ఉందో అంతే ఉంది. ‘ఏం లాభం బేటా, డబ్బులు దండగ’ అని ఇంట్లో అమ్మీ అంటుంది. దోస్తులేమో ఏదో ఒక పౌడర్ మొదలుపెట్టమంటారు. చాలామంది జిమ్ మానేసేది ఈ దశలోనే. కొందరు ఇంజెక్షన్ల దాకా కూడా వెళతారు. నిజానికి ఇక్కడ తప్పేమీ జరగలేదు. బలం, కండ దగ్గరి బంధువులే గానీ రెండూ ఒకటి కాదు. ముందు వచ్చేది బలం, కండ నెమ్మదిగా వెనకాల వస్తుంది.

ముందు నేర్చుకునేది నరాలు

కండరం దానంతటది పనిచేయదు. మెదడు నుంచి నరాల ద్వారా ఆదేశం రావాలి. ఒక్కో నరకణం కింద కొన్ని కండర పోగులు ఉంటాయి. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారు ఉన్న పోగులన్నింటినీ ఒకేసారి గట్టిగా పనిలోకి దించలేరు. సాధన చేసేకొద్దీ ఎక్కువ పోగులు పనిలోకి వస్తాయి, ఆదేశాలు వేగంగా అందుతాయి, అడ్డుపడే కండరాలు సడలడం నేర్చుకుంటాయి. కొత్త కండ రాకుండానే బరువు లేస్తుంది.

1979లో మోరిటాని, డివ్రీస్ అనే పరిశోధకులు 8 వారాల శిక్షణను పరిశీలించి ఈ క్రమాన్ని చూపించారు. మొదట్లో పెరిగిన బలంలో ఎక్కువ వాటా నరాలదే. 3 నుంచి 5 వారాల తర్వాతే కండ పెరుగుదల వాటా పైచేయి అయింది.

ఇంకో రుజువు మరీ పాతది. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ స్క్రిప్చర్ గమనించింది ఏమిటంటే, ఒక చేతికి మాత్రమే సాధన ఇచ్చినా రెండో చేతి బలం కూడా కొంత పెరిగింది. ఆ చేతిలో కండ పెరిగే పని ఏదీ జరగలేదు. మారింది నరాల పనితీరే.

మరి కండ అక్కర్లేదా?

అలా కాదు. తాడులో పేటలు ఎక్కువైతే ఎక్కువ బరువు ఆపుతుంది. కండరం లావైనప్పుడు కూడా లాగే పోగుల సామర్థ్యం పెరుగుతుంది. నరాల లాభం కొంతకాలానికి నెమ్మదిస్తుంది. ఆ తర్వాత ముందుకెళ్ళాలంటే కండ సాయం కావాలని చాలామంది నిపుణుల మాట. అయితే వ్యాయామంతో పెరిగే కండకు, పెరిగే బలానికి సూటి సంబంధం ఉందా అన్నదానిపై శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. 2019లో ‘స్పోర్ట్స్ మెడిసిన్’ పత్రికలో రెండు పక్షాలూ వాదనలు వినిపించాయి.

ఆచరణలో తేడా ఇది: తేలిక బరువుతో అలసిపోయేదాకా ఎక్కువసార్లు చేసినా కండ పెరుగుతుంది. కానీ ఒక్కసారి పెద్ద బరువు ఎత్తే బలం కావాలంటే పెద్ద బరువులతోనే సాధన చేయాలి. ఏది సాధన చేస్తే అదే వస్తుంది.

చిన్న శరీరం, పెద్ద బరువు

వెయిట్‌లిఫ్టింగ్‌లో శరీర బరువును బట్టి విభాగాలు పెట్టడానికి కారణం ఉంది. పెద్ద శరీరంలో కండ ఎక్కువ, అందుకే మామూలుగా బలమూ ఎక్కువే. కానీ అదొక్కటే లెక్క కాదు. బల్గేరియాలో పుట్టి, టర్కీకి వెళ్ళి ఆడిన తుర్కీ ముస్లిం నయీమ్ సులేమానోగ్లు ఎత్తు ఐదడుగులు కూడా లేదు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో 60 కిలోల విభాగంలో 190 కిలోలు తలపైకి ఎత్తాడు. అంటే తన బరువుకు మూడు రెట్లకు పైనే! మన శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 69 కిలోల విభాగంలో రెండు లిఫ్టులు కలిపి 240 కిలోలతో కాంస్యం గెలిచింది. వాళ్ళ బలంలో కండ ఎంతో, ఏళ్ళ తరబడి చేసిన సాధన అంత.

90 ఏళ్ళ వయసులో కూడా

ఇంట్లో పెద్దవాళ్ళకు ఈ విషయం మరీ ముఖ్యం. 1990లో అమెరికాలో మరియా ఫియాటరోన్ బృందం సగటున 90 ఏళ్ళ వయసున్న పదిమందికి 8 వారాలపాటు కాళ్ళ బలం కోసం బరువుల శిక్షణ ఇచ్చింది. పూర్తి చేసిన తొమ్మిది మందిలో బలం సగటున 174 శాతం పెరిగింది. తొడ కండ మాత్రం 9 శాతమే పెరిగింది. కంటికి కనిపించేంత మార్పు లేకపోయినా వాళ్ళ నడక మెరుగైంది.

సజ్దా నుంచి లేవడానికి నేలమీద చేతులు గట్టిగా ఆనించాల్సి వస్తున్న దాదీకి, కుర్చీలో నమాజు చేస్తున్న నానాకు కావాల్సింది ఈ బలమే. ‘ఈ వయసులో కండ ఏం వస్తుంది’ అని వదిలేయడం తప్పు.

గుర్తుంచుకోవాల్సినవి

- మొదటి రెండు నెలలు టేపును, అద్దాన్ని పక్కన పెట్టండి. ఏ బరువు, ఎన్నిసార్లు అన్నది నోట్‌బుక్‌లో రాసుకోండి.
- పెద్దలందరూ వారానికి కనీసం 2 రోజులు కండరాల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 65 ఏళ్ళు దాటినవారికి బలం, బ్యాలెన్స్ వ్యాయామాలు 3 రోజులు.
- పెద్దవాళ్ళు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టవచ్చు. పక్కన ఎవరైనా ఉండాలి. గుండె జబ్బు, బీపీ, షుగర్ ఉంటే ముందు డాక్టర్‌ను అడగాలి. ఊపిరి బిగపట్టకూడదు.
- ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 65 కిలోల మనిషికి ఇది సుమారు 54 గ్రాములు. బరువులు ఎత్తేవారికి ఇంకొంచెం ఎక్కువ అవసరం. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్‌తో చాలావరకు సరిపోతుంది.
- స్టెరాయిడ్ ఇంజెక్షన్ల జోలికి అసలు పోవద్దు. గుండెకు, కాలేయానికి, సంతాన సామర్థ్యానికి ముప్పు.

ఇంట్లో కుర్రాడు జిమ్‌కు వెళ్తుంటే ‘చేయి లావైందా?’ అని కాదు, ‘పోయిన నెల కంటే ఎంత ఎక్కువ ఎత్తుతున్నావ్?’ అని అడగండి. నెల రోజుల కష్టం కనిపించేది ఆ లెక్కలోనే.