చౌడూ బూడిదా ఒక ఇంటివే

మాది రేవు వృత్తి. చవుడు నేల మీద తెల్లగా పొంగిన మట్టిని అమ్మ గీకి తెచ్చేది. ఆ మట్టి కలిపిన నీళ్లలో బట్టలు ముంచి ఉబ్బకు పెట్టేవాళ్లం. చౌడు దొరక్కపోతే బూడిద నీళ్లు తేర్చేది. రెండూ చేతికి జారేవి, రెండూ జిడ్డు వదిలించేవి. మొదటిదాంట్లో సోడియం కార్బనేటు, రెండోదాంట్లో పొటాషియం కార్బనేటు ఉంటాయని నేను కాలేజీకి వెళ్లాకే తెలిసింది.

ఐరోపా పండితులూ ఈ రెండు క్షారాలను చాలాకాలం వేరుచేయలేకపోయారు. ఉప్పులోని క్షారం (చౌడులోదీ అదే) బూడిదలోది కాదని 1736లో ఫ్రాన్సులో డ్యుహామెల్ తేల్చాడు. 1750ల చివర్లో జర్మనీ రసాయనవేత్త మార్గ్రాఫ్ రెండిటినీ మంటలో పెట్టి చూశాడు: ఒకటి పసుపు, ఇంకొకటి లేత ఊదా.

ఈ క్షారాల లోపలి లోహం బయటపడింది 1807 అక్టోబరులో. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ కరిగిన బూడిద క్షారం, అంటే పొటాష్‌లోకి కరెంటు పంపితే వెండిలా మెరిసే పొటాషియం బొట్లు తేలాయి, కొన్ని అక్కడికక్కడే భగ్గుమన్నాయి. డేవీ గదంతా గెంతాడట. ఆ మనిషి అలా గెంతాడంటే నాకు భలే ఇష్టం! కొద్దిరోజులకే సోడియమూ చిక్కింది.

1817లో స్వీడన్ రాయిలో అర్ఫ్‌వెడ్సన్‌కు ఇదే ఇంటి లిథియం జాడ దొరికింది. 1860లో బున్సెన్, కిర్కాఫ్ ఊటనీటిలో సీజియాన్ని, మరుసటేడు రుబీడియాన్ని వర్ణపటంలోని రంగుగీతలతోనే పట్టేశారు.

వీటన్నిటి చివరి పొరలో ఒక్కటే ఎలక్ట్రాన్. దాన్ని వదిలించుకోవడానికే తొందర. నీళ్లు తగిలితే హైడ్రోజన్ పొంగుతుంది, క్షారం మిగులుతుంది. లిథియం నెమ్మదిగా బుసబుసమంటుంది, సోడియం కరిగి ఉండై పరుగెడుతుంది, పొటాషియం ఊదా మంటతో అంటుకుంటుంది, సీజియమైతే పేలుతుంది. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ ఆ ఎలక్ట్రాన్ మీద కేంద్రకం పట్టు సడలడమే కారణం. అందుకే సోడియాన్ని కిరసనాయిల్లో దాస్తారు. లిథియం అందులోనూ తేలుతుంది, దానికి వేరే ఏర్పాటు కావాలి.

ఈ ఇంటి లోహాల్లో ఆఖరిది ఫ్రాన్షియం. 1939లో పారిస్‌లో మార్గెరీట్ పెరే దాన్ని కనిపెట్టింది. సీజియం లవణాలతో కలిసి అదీ స్ఫటికమవడం చూసి, ఇదీ ఆ ఇంటిదేనని గుర్తించింది. ఎక్కువకాలం నిలిచే దాని రూపానికి కూడా అర్ధాయువు 22 నిమిషాలే. కంటికి కనిపించేంత ముక్క ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.